ఒంటి రెక్క వెనక కుట్లు

"దొంగిలించింది నేనే. రాసుకోండి," అన్నాడు సిరిల్ పోస్కిట్.

పొద్దుట్నించి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. డిటెక్టివ్ సార్జెంట్ ఎడ్నా టాస్కర్ కలం మూత కూడా తియ్యలేదు. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఆమె రకరకాల దొంగల్ని చూసింది. హత్య సంగతి అడిగితే గోడకేసి చూస్తూ, దొంగతనం సంగతి మాత్రం అడక్కుండానే ఒప్పుకునే మనిషిని చూడటం ఇదే మొదలు.

"పోస్కిట్ గారూ, చట్టం మారి అయిదేళ్లయింది. మీకు తెలుసా?"

"తెలుసు. పేపరు చదువుతాను."

"అయితే ఇది కూడా చదివే ఉంటారు. ఉత్త హత్యకి జైలు. దొంగతనం కోసం చేసిన హత్యకి ఉరి. ఈ బ్యాడ్జి హాల్డన్‌ది, నాది కాదు అని మీరన్న ప్రతిసారీ మీ తాడు మీరే పేనుకుంటున్నారు."

"పేనుకోనివ్వండి."

వాళ్లిద్దరి మధ్యా బల్ల మీద ఉంది ఆ బ్యాడ్జి. నల్ల గుడ్డ మీద తెల్ల సిల్కు దారంతో సున్నాలాంటి అక్షరం ఒకటి, దాని పక్కన ఒకటే రెక్క. యుద్ధంలో బాంబర్లకి దారి చూపించిన అబ్జర్వర్లు గుండెమీద కుట్టుకున్న గుర్తు అది. 1942లో వైమానిక దళం దాన్ని ఆపేసి వేరే గుర్తు ఇచ్చింది. పాతవాళ్లు మాత్రం పట్టుబట్టి ఇదే పెట్టుకు తిరిగారు. ఇరవయ్యేళ్లు గడిచాక, ఇప్పుడు, అసలైనది ఒక్కటి దొరికితే చాలని సేకరించేవాళ్లు ఊళ్లకి ఊళ్లు తిరుగుతున్నారు.

ఏమస్ హాల్డన్ పాత పతకాలూ, బ్యాడ్జీలూ అమ్మే వర్తకుడు. మంగళవారం నాలుగూ ముప్పై అయిదుకి అతని దుకాణం వెనక గదిలో శవం దొరికింది. తల వెనక ఇత్తడి దిమ్మతో కొట్టారు. అంతకు ఇరవై నిమిషాల ముందు వెనక దారిన పరుగెత్తుతూ కనిపించిన మనిషి ఈ పోస్కిట్. జేబులో దొరికింది ఈ బ్యాడ్జి.

"లోపలికెళ్లింది ఎన్నింటికి?"

"నాలుగూ పద్నాలుగు."

"బయటికొచ్చింది?"

"నాలుగూ పదిహేడు."

"అంత కచ్చితంగానా?"

"పదిహేనేళ్లుగా రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో కూర్చుని రైళ్ల టైములు రాస్తున్నానమ్మా. టైము చూడకుండా గుమ్మం దాటలేను."

"మూడు నిమిషాల్లో ఒక మనిషిని చంపి, కొన్ని వందల బ్యాడ్జీల్లో ఇదొక్కటే ఏరుకున్నారన్నమాట. యుద్ధంలో మీరేం చేశారు?"

"వంటశాలలో బంగాళాదుంపలు చెక్కాను."

"విమానం ఎక్కలేదా?"

ఎడ్నా బ్యాడ్జిని వేలితో జరిపి బోర్లా తిప్పింది. పోస్కిట్ భుజాలు చటుక్కున ముడుచుకున్నాయి. ఆమె అది గమనించింది.

"మీ అబ్బాయికి కబురు పెట్టమంటారా? వైమానిక దళంలోనే ఉన్నాడట కదా."

కుర్చీ వెనక్కి పడింది. పోస్కిట్ లేచి నిలబడ్డాడు. "రాయ్ జోలికి వెళ్లకండి! శనివారం దాకా వాడికేమీ తెలియకూడదు!"

"శనివారం ఏముంది?"

అతను వంగి కుర్చీ నిలబెట్టి, నెమ్మదిగా కూర్చుని, మళ్లీ గోడకేసి చూశాడు. టైము రెండూ పది. ఆరింటికి అతని మీద ఉరిశిక్ష పడే నేరం మోపి కాగితం తయారుచెయ్యాలని పైనుంచి ఉత్తరువు.

సూపరింటెండెంట్ గారడ్ గదిలో అప్పటికే ఇంకొకాయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఫ్లైట్ లెఫ్టినెంట్ డెన్హమ్ ఫెరబీ. యుద్ధకాలపు రెక్కల బ్యాడ్జీల మీద ఆయన రాసిన చిన్న పుస్తకం లేని దుకాణం ఆ జిల్లాలో లేదు. ఏది అసలో ఏది నకిలీయో ఆయన చెప్తే కోర్టులే ఒప్పుకుంటాయి. ఎడ్నాకి ఆయన్ని చూసిన మొదటిరోజే ఒళ్లు మండింది. ఎదుటి మనిషిని కూడా తిరగేసి వెల కట్టేలా చూస్తాడు.

"నకిలీ," అన్నాడు ఫెరబీ, ఆమె కూర్చోకముందే. "టీ నీళ్లలో ఉడకబెట్టిన సరుకు. కొత్తదాన్ని పాతదిలా కనిపించేలా చేస్తారు. యుద్ధం అయ్యాక ఎవరో కుట్టింది. కాబట్టి పోస్కిట్‌ది అయ్యే ప్రసక్తే లేదు. హాల్డన్ సరుకే."

"విన్నావుగా?" అన్నాడు గారడ్. "నిపుణుడు చెప్పాడు. దొంగ ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి నీకు?"

"వెనకవైపు చూశారా, సార్?" ఎడ్నా ఫెరబీనే అడిగింది.

"చూడాల్సింది చూశాను."

"టీలో ముంచితే గుడ్డంతా ఒకే రంగు పట్టాలి కదండీ." ఆమె గోటితో బ్యాడ్జి అంచు మడత విప్పింది. పైన గుడ్డ ఎండకీ చెమటకీ వెలిసి బూడిదరంగు తేలింది. మడత లోపల మాత్రం కొత్త గుడ్డలా నల్లగా మెరుస్తోంది. "ఎండ మడత లోపలికి వెళ్లదు. టీ వెళ్తుంది. ఇక్కడ వెళ్లలేదు."

"అంచు తర్వాత మడిచి ఉంటారు."

"అలాగైతే మడత గీత మీద నూలు ఇంతలా అరగదు. పారాషూట్ పట్టీ రాసుకుని, రాసుకుని అరిగింది ఇది. మీ పుస్తకంలో పన్నెండో పేజీలో మీరే రాశారు సార్, మడత విప్పి చూడమని."

ఫెరబీ గారడ్ వైపు తిరిగి నవ్వాడు. "మీ స్టేషన్‌లో మేజోళ్లు రఫూ చేసే విభాగం కూడా ఉందని నాకు తెలీదు సూపరింటెండెంట్."

"ఉందండీ," అంది ఎడ్నా. "మూడేళ్లు వైమానిక దళం దర్జీకొట్టులో పనిచేశాను. మేజోళ్లూ రఫూ చేశాను, యూనిఫారం ట్యూనిక్‌లకి రెక్కలూ కుట్టాను. మీ పుస్తకంలో ఉన్న బొమ్మలకంటే ఎక్కువే కుట్టి ఉంటాను."

"ఏ వైమానిక స్టేషన్‌లో?"

ఆ ప్రశ్న కొంచెం తొందరగా వచ్చింది.

"ఇక్కడికి పదిమైళ్లు. ఇప్పుడక్కడ బార్లీ వేస్తున్నారు."

ఫెరబీ చేతిగడియారం చూసుకున్నాడు. తర్వాత సంచిలోంచి ఒక అద్దాల చట్రం తీసి గారడ్ బల్ల మీద పెట్టాడు. ఎర్ర మఖ్మల్ మీద అబ్జర్వర్ రెక్క ఒకటి ఉంది. "అసలైనది ఎలా ఉంటుందో కోర్టుకి చూపించాలిగా. ఇది నాది. ముప్పై సార్లు జర్మనీ మీదకి వెళ్లొచ్చింది. మీ సార్జెంట్ కూడా చూసి నేర్చుకోవచ్చు."

"ఆరింటికి," అన్నాడు గారడ్ ఎడ్నాతో. "ఒక్క నిమిషం కూడా ఆగను."

ఆమె బయటికొచ్చింది గాని, మనసులో ఒకటే మాట తిరుగుతోంది. ఇంత పేరున్న నిపుణుడు మడత విప్పకుండా నకిలీ అని ఎలా అంటాడు? కొత్తగా సేకరించడం మొదలెట్టినవాడు కూడా చెయ్యని పొరపాటు ఇది. పొరపాటు కాకపోతే మరేమిటి?

మెట్లపక్క కిటికీ దగ్గర వెలుతురు బాగుంది. బ్యాడ్జిని బోర్లా పట్టుకుని భూతద్దం పెట్టింది. అంచు చుట్టూ పాత కుట్ల తాలూకు దారం ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. దర్జీ విప్పిన బ్యాడ్జికి అన్ని కుట్లూ నున్నగా తెగి ఉంటాయి. ఎవరో పీకేసినదైతే అన్నీ పీచులు పీచులుగా తెగుతాయి. దీనికి నడుమనున్న కుట్లన్నీ కత్తెరతో నున్నగా కోశారు. రెండు కొసల్లో రెండేసి కుట్లు మాత్రం పీచులుగా తెగాయి. కోసిన దారాల మొనలు కుడి నుంచి ఎడమకి వాలి ఉన్నాయి. ఎడమచేత్తో కత్తెర పట్టేవాళ్లు కోస్తే అలా వాలుతాయి.

ఎడ్నా ఎడమచేతివాటం మనిషి.

ఆమె కిటికీ గట్టు పట్టుకుని నిలబడింది. తనకి బాగా తెలిసిన పని అది. సాయంత్రం దర్జీకొట్టుకి ఒక ట్యూనిక్ వచ్చేది, దానితో ఒక చీటీ. "కుట్లు వదులు చెయ్యండి" అని అంతే. ఇక విమానం ఎక్కనన్నవాడిది ఆ ట్యూనిక్. మర్నాడు పొద్దున్న అందర్నీ వరసగా నిలబెట్టి, వాళ్ల ముందు అధికారి ఆ రెక్కని చేత్తో పీకేవాడు. ఒక్క లాగుతో ఊడి రావాలి. గట్టి కుట్టు పడి రాకపోతే అధికారికి నగుబాటు. అందుకని ముందుగానే నడుమ కుట్లన్నీ కోసేసి, ఊడి పడిపోకుండా కొసల్లో రెండేసి ఉంచేవాళ్లు. పీకించుకున్నవాడు మర్నాటినుంచి మరుగుదొడ్లు కడిగేవాడు, లేదంటే వంటశాలలో బంగాళాదుంపలు చెక్కేవాడు. వాడి కాగితాల మీద పిరికివాడని అర్థం వచ్చే ముద్ర పడేది.

ఎడ్నాకి అప్పుడు ఇరవై రెండేళ్లు. ఎన్ని ట్యూనిక్‌లు కోసిందో లెక్క పెట్టుకోలేదు. కాలర్ లోపలి పేరు పట్టీ చూడకుండా కోసేది. చూస్తే చెయ్యి ఆడేది కాదు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, సిగ్గుతో.

మూడూ నలభైకి హాల్డన్ దుకాణంలో ఉంది. శవాన్ని తీసేశారు, మిగతాదంతా అలాగే ఉంది. వెనక గదిలో కిటికీ పక్కన ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్య బల్ల మీద భూతద్దం. డబ్బు పెట్టె ముట్టుకోలేదు. వెనక అరలో దుమ్ము పట్టని చోటొకటి కనపడింది. నాలుగు పలకలు, మూలలు గుండ్రం. బిస్కెట్ల రేకు డబ్బా అంత ఉంటుంది. డబ్బా మాత్రం లేదు.

పక్క రొట్టెల దుకాణం ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మంగళవారం తలుపుకున్న అట్ట ఎప్పుడు తిప్పారో చూశారా?"

"మూడూ పాతికకి. రెండో వాయి రొట్టెలు దించి ముందు కిటికీలో సర్దుతున్నాను, అందుకే చెప్తున్నా. 'మూసి ఉంది' అని తిప్పాడు. ఏమస్ ఊరికే తిప్పే మనిషి కాదమ్మా. చచ్చే జ్వరమొచ్చినా దుకాణం తెరిచే ఉంచేవాడు. సరుకు చూసి చెప్పే ఆయన వచ్చినప్పుడు మాత్రం తిప్పేవాడు. మధ్యలో ఎవరైనా వచ్చి మాట్లాడితే ఆయనకి కోపమట."

"ఎవరాయన?"

"మొహం ఎప్పుడు చూశానని? నా పొయ్యి వెనకవైపు కదా. గొంతు మాత్రం పెద్దమనిషి గొంతు. ఏమస్ పాపం ఆయన్నేదో దేవుడిలా చూసేవాడు."

పోస్కిట్ వెనక దారిన వచ్చింది నాలుగూ పద్నాలుగుకి. అట్ట తిరిగింది మూడూ పాతికకి. ఆ నలభై తొమ్మిది నిమిషాలు హాల్డన్ ఎదురుగా ఎవరో కూర్చున్నారు. పోస్కిట్ కోసమైతే అట్ట తిప్పే పనే లేదు.

బల్ల వెనక, సామాను గదికి అడ్డంగా ఒక తెర వేలాడుతోంది. ఎడ్నా దాన్ని పక్కకి లాగింది. ఇత్తడి మెరుగుపెట్టే తెల్లపొడి డబ్బా ఒకటి ఒరిగి, పొడి నేలమీద పరుచుకుని ఉంది. అందులో రెండు బూటు గుర్తులు పక్కపక్కన పడ్డాయి. మొనలు గదివైపు. ఎవరో అక్కడ కదలకుండా చాలాసేపు నిలబడి ఉన్నారు. అది చూసిన పోలీసు ఫొటో కూడా తియ్యలేదు. తుడిచేయనందుకు సంతోషించాలి.

బల్ల కింద, గోడ వారగా, చిన్న గోధుమరంగు కవరు పడి ఉంది. ఖాళీది. దానిమీద సిరాతో ఒక సర్వీసు నంబరు, ఒక తేదీ. నవంబరు 1942. ఎడ్నా తన డైరీ తీసి, పోస్కిట్ అరెస్టు కాగితం నుంచి రాసుకున్న అతని సర్వీసు నంబరుతో సరిచూసుకుంది. అదే నంబరు.

చెత్తబుట్టలో సోమవారం పేపరు ఉంది, ప్రకటనల పేజీ పైకి మడిచి. హాల్డన్ ఇచ్చిన ప్రకటన: "ఈ కింది నంబర్లవారు వచ్చి మీది మీరు తీసుకుపోవచ్చు. ఏ ప్రశ్నలూ అడగను." కింద పదకొండు నంబర్లు. మూడోది పోస్కిట్‌ది. ఎడ్నా దుకాణం ఫోనులోనే వైమానిక దళం రికార్డుల ఆఫీసుని పిలిచి పదకొండూ చదివి వినిపించింది. పేర్లు రేపు పొద్దున్న చెప్తామన్నారు.

నాలుగూ యాభైకి ఆమె మళ్లీ పోస్కిట్ ఎదురుగా కూర్చుంది. ఈసారి తలుపు మూసి, కాపలా కానిస్టేబుల్‌ని బయటికి పంపించింది. ఖాళీ కవరు బల్ల మీద పెట్టింది.

పోస్కిట్ మొహం పాలిపోయింది. "ఎక్కడిది?"

"మీరు పారేసుకున్నచోటే. బ్యాడ్జి మీది. నవంబరులో ఒక పొద్దున్న మీ గుండె మీంచి పీకారు దాన్ని."

"కాదు."

"పోస్కిట్ గారూ, నడుమ కుట్లు ముందురోజు కత్తెరతో కోశారు. కోసింది నేనే."

అతను కోప్పడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. అతను అడిగింది ఒకటే.

"మెల్లిగా కోశారా?"

"మెల్లిగానే. గుడ్డ చిరక్కుండా."

"అవును. ట్యూనిక్ చిరగలేదు." పోస్కిట్ రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. "పంతొమ్మిది సార్లు వెళ్లానమ్మా. ఇరవయ్యోసారి నిచ్చెన దగ్గరకెళ్లి కాలెత్తితే కాలు లేవలేదు. నిజంగానే లేవలేదు. ఎవరికని చెప్పను?"

"హాల్డన్‌ని చంపింది మీరు కాదు."

"నేను వెళ్లేసరికే కింద పడున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లు ముట్టుకున్నాను, చల్లబడలేదు, కానీ పోయాడు. బల్ల మీద రేకు డబ్బా, దాన్నిండా కవర్లు. మా వైమానిక స్టేషన్‌లో కాగితాలు చూసే అధికారి, అడ్జుటెంట్, పీకినవన్నీ అలా దాచాడట, ఆయన పోయాక సామాను అమ్మితే హాల్డన్‌కి దొరికాయి. వాడు మంచివాడమ్మా. ఎవరివి వాళ్లకిచ్చేద్దామనుకున్నాడు. నాది నేను తీసుకుని పరుగెత్తాను."

"మీరున్నప్పుడు డబ్బా బల్ల మీదే ఉందా?"

"ఉంది."

"పోలీసులొచ్చేసరికి లేదు. మీరున్న ఆ మూడు నిమిషాలూ హంతకుడు తెర వెనకే ఉన్నాడు. మీరేం తీసుకున్నారో చూశాడు. అంటే మీరు నోరు విప్పరని వాడికి బాగా తెలుసు."

"విప్పను కూడా."

"ఎందుకు? తన వస్తువు తను తీసుకున్నవాడు దొంగ కాడు. ఈ మాట కోర్టులో చెప్తే మీకు ఉరి లేదు. ఆ తెర వెనక మనిషి దొరికితే జైలు కూడా లేదు."

పోస్కిట్ ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు. "శనివారం రాయ్‌కి రెక్క పెడుతున్నారు. పెరేడ్‌లో, అందరి ముందు. వాడు చిన్నప్పట్నించీ నాన్న అబ్జర్వర్ అని చెప్పుకుంటూ పెరిగాడు. హంతకుడి కొడుకంటే జనం అయ్యో పాపం అంటారమ్మా. పిరికివాడి కొడుకంటే? వాడు విమానం ఎక్కిన ప్రతిసారీ పక్కవాళ్లు వాడి కాళ్లకేసి చూస్తారు. నిచ్చెన దగ్గర ఒక్క క్షణం ఆగినా, చూశావా, రక్తం అంటారు. వాడు అలా ఆగకూడదని ఆగకుండా ఎక్కి చస్తాడు. రాయనని నాకు మాటివ్వండి."

మాటిస్తానని అబద్ధమాడటానికి ఎడ్నాకి నోరు రాలేదు.

"అది నా చేతిలో లేదు," అంది చివరికి.

"అప్పుడు కూడా అంతేనా? కత్తెర మీ చేతిలోనే ఉందిగా."

ఆమె లేచి వచ్చేసింది. తలుపు వేస్తుంటే వెనకనించి అతను కానిస్టేబుల్‌ని పిలవడం వినిపించింది. మంచినీళ్లకనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకుంది.

అయిదూ ముప్పైకి గారడ్ గదిలో ఎవరూ లేరు. ఫెరబీ చట్రం బల్ల మీదే ఉంది. ఎడ్నా దాన్ని దీపం కిందకి జరిపింది. మధ్యాహ్నం కోపంలో సరిగా చూడలేదు. ఎర్ర మఖ్మల్ ఏళ్ల తరబడి వెలుతురుకి పాలిపోయింది. బ్యాడ్జి ఉన్నచోట గుడ్డ పాలిపోదు కాబట్టి, దాని ఆకారంలోనే ముదురు ఎరుపు మిగలాలి. ముదురు ఎరుపు మిగిలింది గాని, బ్యాడ్జి కంటే పెద్దది. రెక్క కొన దాటి వేలి మందాన చుట్టూ కనపడుతోంది. ఇన్నేళ్లూ ఈ చట్రంలో వేరే బ్యాడ్జి, ఇంకాస్త పెద్దది, ఉండేది. దాన్ని తీసి ఇది పెట్టి ఎంతో కాలం కాలేదు.

ఆమె వెనకున్న మేకులు నాణెంతో లాగింది. అట్ట ఊడింది. బ్యాడ్జి బోర్లా ఆమె అరచేతిలో పడింది.

నడుమ కుట్లు నున్నగా కోసి ఉన్నాయి, కుడి నుంచి ఎడమకి వాలుగా. కొసల్లో రెండేసి పీచులు.

"అసలైనదని చెప్పానుగా," అన్నాడు ఫెరబీ.

గుమ్మంలో ఉన్నాడు. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మొహంలో బెదురు లేదు, అలసట ఉంది.

"దీన్ని ఇక్కడికి ఎందుకు తెచ్చారు?" ఎడ్నా నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. "పొయ్యిలో వేస్తే పోయేదిగా."

"పొయ్యిలోనా?" ఫెరబీ ఆమెని చూసిన చూపులో అసహ్యం ఉంది. "పద్దెనిమిదేళ్లు ఆ చట్రంలో కొన్నది పెట్టుకుని నాది నాది అని చెప్పాను. అది నకిలీ అని నాకొక్కడికే తెలుసు. రోజూ చూశాను దాన్ని. నాది దొరికాక కాల్చమంటావా? ఎవరిముందైనా ఒక్కసారి నిజం చెప్పాలనిపించింది. ఇది నాది అని."

"పోస్కిట్‌ది నకిలీ అనడం కూడా నిజమేనా?"

"వాడు చెప్పడు. నేను చెప్పను. ఇక మిగిలింది నువ్వు." అతను దగ్గరకి రాలేదు. రావాల్సిన అవసరం కూడా లేదన్నట్టు నిలబడ్డాడు. "సాక్షి బోనెక్కి ఏం చెప్తావు? ఎడమచేత్తో ఎలా కోశావో చెప్తావా? ఎంతమందికి కోశావని అడుగుతారు. వాళ్ల పేర్లేమిటని అడుగుతారు. వాణ్ణి బతికించాలంటే ముందు వాడు పిరికివాడని దేశమంతటి ముందూ నువ్వే రుజువు చెయ్యాలి. వాడు అడిగాడా నిన్ను బతికించమని?"

"హాల్డన్ మిమ్మల్ని ఏమన్నాడు?"

ఫెరబీ మొదటిసారి తడబడ్డాడు. "ఏమీ అనలేదు. నా కవరు తీసి, నంబరు నాదని తెలీక, నా చేతికే ఇచ్చి అడిగాడు. అసలైనదేనా చూడండి సార్ అని. చూశాను. నా మొహం చూసి వాడికి అర్థమైపోయింది. జాలిపడ్డాడు." అతను ఖాళీ చట్రం కేసి చూశాడు. "జాలిపడకుండా ఉండాల్సింది."

వసారాలో బూట్ల చప్పుడు వినపడింది. సూపరింటెండెంట్ గారడ్ తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి. మొహం వెలిగిపోతోంది.

"అయిపోయిందయ్యా! నువ్వు వచ్చేశాక వాడే నన్ను పిలిపించాడు టాస్కర్. మొత్తం ఒప్పుకున్నాడు. తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఇత్తడి దిమ్మ తీసుకున్నది, కొట్టింది, బ్యాడ్జి కోసమే కొట్టింది, అన్నీను. అయిదూ నలభై ఒకటి అని టైము కూడా వాడే వేశాడు."

ఎడ్నా కాగితం అందుకుంది. సిగ్నల్ క్యాబిన్‌లో రాసి రాసి అలవాటైన చిన్న గుండ్రటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు. ఆఖరి రెండు వాక్యాల దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఆ బ్యాడ్జి నాది కాదు. నేను జన్మలో విమానం ఎక్కలేదు."

పంతొమ్మిది సార్లు జర్మనీ మీదకి వెళ్లొచ్చిన మనిషి రాసిన మాట అది. ఉరితాడుకి తల ఇచ్చి, దానితోపాటు ఆ పంతొమ్మిది రాత్రులు కూడా ఇచ్చేశాడు. ఎడ్నాకి ఏడుపొచ్చింది. ఫెరబీ ముందు ఏడవదలుచుకోలేదు కాబట్టి ఏడవలేదు.

ఫెరబీ టోపీ తీసుకున్నాడు. "నా చట్రం రేపు పంపించండి సూపరింటెండెంట్. మీ సార్జెంట్ దాన్ని పాడుచేసినట్టుంది."

"ఆయన్ని వెళ్లనివ్వకండి సార్," అంది ఎడ్నా.

"నీకు మతిపోయిందా?"

ఆమె రెండు బ్యాడ్జీలూ పక్కపక్కనే బోర్లా పెట్టింది, దీపం కింద. భూతద్దం గారడ్ చేతికిచ్చింది. "ముందు ఇవి చూడండి. తర్వాత కొత్త కాగితం తీసి నా వాంగ్మూలం రాసుకోండి. ఎడ్నా టాస్కర్, వయసు నలభై రెండు, యుద్ధకాలంలో దర్జీ. ఈ రెండిటి కుట్లూ కోసింది నేను. రెండూ హాల్డన్ దగ్గర మాయమైన ఒకే రేకు డబ్బాలోవి."

గారడ్ వంగి చూశాడు. ఒక దాన్నించి రెండోదాని మీదకి అద్దం జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. తలెత్తి ఫెరబీ కేసి చూసినప్పుడు మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"నువ్విది రాయించావంటే," అన్నాడు ఫెరబీ, చెయ్యి తలుపు గొళ్లెం మీదే ఉంచి, "వాడు నిన్ను బతికినన్నాళ్లూ క్షమించడు. రేపటి పేపర్లో వాడి పేరూ, పక్కనే ఆ మాటా ఉంటాయి. వాడి పిల్లాడు చదువుతాడు."

"తెలుసు," అంది ఎడ్నా. "రాయండి సార్."